ఎకరానికి ఇంత అంటే ఎవరికి ఎంత?

హైదరాబాదు జిల్లాలో సాగుభూమి లేదు. అందుకే 2018లో రైతుబంధు మొదలైనప్పుడు రాష్ట్రంలోని మిగతా జిల్లాలన్నింటిలో చెక్కులు పంచారు గానీ ఇక్కడ పంచలేదు. షేక్‌పేట మండలంలో దుక్కి దున్నేవాడు లేడు, నారు పోసేవాడు లేడు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఆ వైపువే. అయినా ఈ గుట్టల మీద రైతులున్నారని మేమంటున్నాం. రెండు రకాల రైతులున్నారు. గేటు లోపలి రైతుకు పట్టా ఉంది, నాగలి లేదు. గేటు బయట స్టూలు వేసుకొని కూర్చున్న రైతుకు నిన్నమొన్నటిదాకా నాగలి ఉంది, పట్టా ఎన్నడూ లేదు. ప్రభుత్వం రైతుకిచ్చే డబ్బు ఈ ఇద్దరిలో ఎవరిని వెతుక్కుంటూ పోతుంది, ఎందుకట్లా పోతుంది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాం.

ముందు పథకం సంగతి. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర శాలపల్లి-ఇందిరానగర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు రైతుబంధును ప్రారంభించారు. ఎకరానికి ఒక్కో పంటకాలానికి 4,000 రూపాయలు, ఏడాదికి 8,000. 2019-20 నుంచి పంటకు 5,000 చేశారు. మొదటి ఏడాది బడ్జెట్‌లో 12,000 కోట్లు పెట్టారు. అంతకుముందు మన దేశంలో ఏ రాష్ట్రమూ పంట వేయకముందే రైతు చేతిలో ఇంత డబ్బు పెట్టలేదు. పథకం అధికారిక పేరు 'పెట్టుబడి సాయం'. ఈ పేరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే పెట్టుబడి పెట్టేది ఎవరు, సాయం అందేది ఎవరికి అన్న దగ్గరే మొత్తం తిరకాసు ఉంది.

అర్హత ఏమిటి? పట్టాదారు పాసుపుస్తకం. 2017 సెప్టెంబరు 15న మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో ఎవరి పేరు పట్టాదారుగా ఖాయమైందో వాళ్లకు కొత్త పాసుపుస్తకం, దాంతోపాటు చెక్కు. భూమిలో పంట వేశారా లేదా అని అడగలేదు. వేరే ఆదాయం ఉందా అని అడగలేదు. ఎకరాలకు పథకం తనంతట తాను ఏ హద్దూ పెట్టలేదు. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం కిసాన్ కూడా పట్టానే చూస్తుంది. కానీ అది కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయల దగ్గర ఆగుతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లనూ, డాక్టర్లు, ఇంజనీర్లు, వకీళ్ల లాంటి వృత్తులవాళ్లనూ, మంత్రులు, ఎమ్మెల్యేలనూ పక్కన పెడుతుంది. రైతుబంధులో ఆ జల్లెడ లేదు. ఉన్నవాళ్లు తమంతట తాము వదులుకోవాలని విజ్ఞప్తి మాత్రం చేశారు. ఉన్నవాడిని బతిమాలడం, లేనివాడిని రుజువులు అడగడం. మన ప్రభుత్వాలకు ఇది కొత్త అలవాటేం కాదు.

మాది పాలమూరు జిల్లా. మా నాయిన నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది మేమే మొదలు గనుక కాగితాలు చదివే పని ఎప్పుడూ మా మీదే పడేది. 2018 మేలో ఊళ్లో చెక్కులు పంచిన రోజు మేమూ ఊళ్లోనే ఉన్నాం. ఎన్నేండ్లుగానో ఊరి మొహం చూడని పట్టాదారులు ఆరోజు కార్లేసుకొని వచ్చారు. చెక్కు స్వయంగా వచ్చి తీసుకోవాలన్నది రూలు. మా నాయిన చేసే భూమి పట్టాదారు కూడా వచ్చాడు. నాలుగెకరాలకు పదహారు వేలు. ఆయన మనసులో చెడు లేదనే మేమనుకుంటాం. కుర్చీ వేయించి, మంచినీళ్లు తాగించి, "ఈసారన్నా కౌలు కొంచెం తగ్గించు సారూ, పెట్టుబడికి సర్కారిచ్చింది గదా" అని మా నాయిన అడిగాడు. ఆయన నెమ్మదిగానే అన్నాడు: "సర్కారు భూమికిచ్చింది, నీకు గాదు."

ఆ మాట మీద మాకు కోపం వచ్చింది గానీ తర్వాత జీవోలు, మార్గదర్శకాలు చదువుతుంటే అర్థమైంది, ఆయన చట్టం చెప్పిందే చెప్పాడని. డబ్బు నిజంగా భూమికే ఇచ్చారు. విత్తనాల ప్యాకెట్లు, డీఏపీ, యూరియా, మందులు, దున్నిన ట్రాక్టరు కిరాయి, పత్తి ఏరిన కూలీలు - ఇదంతా పెట్టుబడి అయితే, ఆ పెట్టుబడి పెట్టింది మా నాయిన. పైన ఎకరానికి ఎనిమిది వేలు కౌలు కట్టిందీ ఆయనే. ఎరువుల సబ్సిడీ సంగతి వేరు. నలభై ఐదు కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు కొన్నప్పుడు ఆ రాయితీ కొన్నవాడికే చేరుతుంది, వాడి పేరు పాసుపుస్తకంలో లేకపోయినా. వస్తువుకిచ్చిన సబ్సిడీ వాడినవాడికి దక్కింది. కాగితానికిచ్చిన సబ్సిడీ కాగితం ఎవరి బీరువాలో ఉందో వాళ్లకు దక్కింది.

లెక్క చూడండి. 2019 తర్వాతి రేటు ప్రకారం రెండెకరాల దళిత రైతుకు ఏడాదికి 20,000. యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు. "అందరికీ సమానంగా ఎకరానికి ఐదు వేలే గదా, ఇందులో వివక్ష ఎక్కడుంది?" అని మాతో వాదించిన మిత్రులున్నారు. భూమి ఎకరాలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో అది మొన్న పుట్టిన తేడా కాదు. వెట్టి చేసినవాడికి, జీతమున్నవాడికి, చెప్పులు కుట్టినవాడికి, డప్పు కొట్టినవాడికి భూమి లేకుండా చేసిన చరిత్ర అది. ఆ తేడాను ఎకరాల చొప్పున గుణించి డబ్బులివ్వడం సమానత్వం ఎట్లా అవుతుంది?

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. రెండెకరాలో ఎకరమో ఉన్న మాల, మాదిగ రైతులకు ఈ డబ్బు నిజంగానే ఆసరా అయింది. జూన్‌లో విత్తనాల కోసం షావుకారు గడప తొక్కకుండా ఉన్న ఇళ్లు మాకు తెలుసు. కాబట్టి పథకమే దండుగ అని మేము అనడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో దళితులు 15 శాతం పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది అయితే భూమి లేనివాళ్లు, కాకపోతే కౌలుదారులు, కాకపోతే కాగితం సరిగా లేని భూమి ఉన్నవాళ్లు. పథకం తలుపు దగ్గరే ఈ ముగ్గురూ ఆగిపోయారన్నది మా ఫిర్యాదు.

కాగితం సరిగా లేని భూమి సంగతి విడిగా చెప్పుకోవాలి. తెలంగాణ పల్లెల్లో సాదాబైనామా అంటే తెలియనివాళ్లుండరు. తెల్లకాగితం మీద రాసుకున్న క్రయపత్రం. 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాతి సంవత్సరాల్లో చాలామంది దొరలు ఊళ్లు విడిచి హైదరాబాదు చేరారు. పోతూ పోతూ కొంత భూమిని పాలేర్లకు, కౌలుదారులకు తెల్లకాగితాల మీద అమ్ముకున్నారు. కొన్నవాడు రిజిస్ట్రేషన్ చేయించుకోలేదు. చేయించుకునే స్తోమతా లేదు, తహసీలు ఆఫీసు మెట్లెక్కే ధైర్యమూ లేదు. నలభై ఏండ్లు దున్నాడు. పహాణీలో అనుభవదారు కాలమ్‌లో వాడి పేరు పడుతూ వచ్చింది. ఆ ఒక్క కాలమే వాడికున్న ఆధారం. ప్రక్షాళన వచ్చినప్పుడు పట్టాదారు పేరునే ఖాయం చేశారు. తగాదా ఉన్న భూములను 'పార్ట్-బి' అని పక్కన పడేశారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చేసరికి ఆ అనుభవదారు కాలమే లేకుండా పోయింది. ఊరిని మర్చిపోయిన పాత పట్టాదారుకు రైతుబంధు డబ్బుతో పాటు ఊరు గుర్తొచ్చింది. భూమి కూడా గుర్తొచ్చింది. ఎకరానికి ఐదు వేలు పోతే పోయాయి, పదేండ్ల రైతుబంధు కంటే పెద్ద నష్టం ఇది. సబ్సిడీ ఇవ్వడానికి రికార్డు సరిచేశారు. ఆ సరిచేయడంలో సాగు చేసినవాడి ఆనవాలు చెరిగిపోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, సాదాబైనామాలను పరిష్కరిస్తామన్నారు. మంచిదే. కానీ మధ్యలో పోయిన సంవత్సరాల డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు.

కౌలుదారులను ఎందుకు చేర్చలేదన్నదానికి అప్పటి ముఖ్యమంత్రి దాపరికం లేకుండానే జవాబు చెప్పారు. కౌలుదారు ఏటా మారతాడు, వాడి పేరు రాస్తే రైతు హక్కుకు ముప్పు వస్తుంది అని. అంటే ఇక్కడ 'రైతు' అంటే భూమి యజమాని. సాగు చేసేవాడు రైతుకు ముప్పు. రైతు స్వరాజ్య వేదిక 2022లో జరిపిన సర్వేలో తెలంగాణ రైతుల్లో 36 శాతం కౌలుదారులని తేలింది. అంతకుముందు 2018లో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలను ఆ సంస్థ టాటా ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి పరిశీలిస్తే, నాలుగింట మూడు వంతులు కౌలు చేసినవాళ్లే. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా ఐదు లక్షలు కూడా పాసుపుస్తకం ఉన్నవాడు చనిపోతేనే. చావులో కూడా పట్టా అడిగారు.

కౌలుదారును గుర్తించడం అసాధ్యం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం చేశారు. పక్క రాష్ట్రంలో 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా, ఏడాదికి 13,500, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకూ వర్తించింది. అందుకు పంట సాగుదారు హక్కుల చట్టం కూడా తెచ్చారు. యజమాని సంతకం పెడితేగానీ కార్డు రాదు గనుక అక్కడా చాలామందికి అందలేదు, అది వేరే కథ. అయినా కౌలుదారు అనేవాడు ఒకడున్నాడని ప్రభుత్వ కాగితం మీద రాశారు.

ఇప్పుడు మళ్లీ ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కుదాం. సినిమావాళ్లను ఊరికే ఆడిపోసుకోవడం మా ఉద్దేశం కాదు. పట్నంలో ఉండి పట్టా ఉంచుకున్నవాళ్లలో అధికారులు, వ్యాపారులు, రాజకీయ నాయకులు, ప్రొఫెసర్లు అందరూ ఉన్నారు. కానీ సినిమా డబ్బు కథ చెప్పుకుంటే సబ్సిడీ అనేది ఎట్లా తిరుగుతుందో బాగా తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ప్రభుత్వం తవ్విన కాలువల నీళ్లతో కృష్ణా, గోదావరి డెల్టాలో భూమి ఉన్న కులాలు మిగులు చూశాయి. ఆ పొలాల్లో నాట్లేసింది, కోతలు కోసింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ మిగులులో కొంత 1930ల నుంచి మద్రాసు చేరి తెలుగు సినిమా అయింది. జమీందారీ మీద తిరగబడిన 'రైతుబిడ్డ' 1939లో వచ్చింది. దాన్ని తీసిన సారథి సంస్థ వెనకున్నది చల్లపల్లి జమీందారు! తర్వాత పరిశ్రమను హైదరాబాదుకు రప్పించడానికి ప్రభుత్వాలు స్టూడియోలకు స్థలాలిచ్చాయి, ఇక్కడ తీసిన సినిమాలకు రాయితీలిచ్చాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. ఆ వెనక ఫిల్మ్‌నగర్ వెలిసింది. సినిమా సంపాదన, రియల్ ఎస్టేటు సంపాదన కలిసి మొయినాబాదు, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు తోటలయ్యాయి, ఫామ్‌హౌసులయ్యాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో కింద 84 గ్రామాలున్నాయి. అక్కడ కట్టడాల మీద ఆంక్షలుండేవి గనుక రికార్డులో వ్యవసాయ భూమి వ్యవసాయ భూమిగానే మిగిలింది. ఈత కొలను పక్కన నాలుగు మామిడి చెట్లు ఉన్నా రికార్డుకు అది పొలమే. ఎకరం లెక్కన డబ్బొచ్చే పథకానికి ఇంతకంటే ఏం కావాలి? డెల్టా కాలువ దగ్గర మొదలైన సర్కారు సాయం, తరాలు దాటి, సినిమా దాటి, చేవెళ్ల తోట దగ్గర మళ్లీ అదే ఇంటికి చేరింది.

తెరమీద రైతు ఎవరో చూసినా ఇదే కనిపిస్తుంది. తెల్లపంచె, భుజాన కండువా, వంద ఎకరాల పెద్దమనిషి. 2019లో వచ్చిన 'మహర్షి'లో కోట్లు సంపాదించిన హీరో ఊరికొచ్చి రైతుల తరఫున నిలబడతాడు. ఆ పొలంలో వంగి కలుపు తీసేదెవరో, వాళ్లుండే వాడ ఊరికి ఏ దిక్కున ఉందో కెమెరా అటు తిరగదు. రైతు అంటే భూమి ఉన్నవాడే అని పాసుపుస్తకం ఎంత నమ్ముతుందో సినిమా కూడా అంతే నమ్ముతుంది.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. 1933లో అమెరికాలో పత్తి ధర పడిపోతే, సాగు తగ్గించినందుకు రైతులకు డబ్బిచ్చే చట్టం చేశారు. డబ్బు భూస్వామి చేతికిచ్చి, పాలికి చేసేవాడికి వాటా పంచమన్నారు. దక్షిణాది భూస్వాములు పంచలేదు. పైగా భూమి పడావు పెట్టి, నల్లజాతి, పేద తెల్లజాతి పాలికాపులను ఇళ్లు ఖాళీ చేయించారు. 1934లో ఆర్కన్సా రాష్ట్రంలో టైరంజా అనే చిన్న ఊళ్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కౌలుదారుల యూనియన్ పెట్టుకున్నది ఈ అన్యాయం మీదనే. బ్రిటన్‌లో 2005లో వ్యవసాయ సబ్సిడీల జాబితా బయటపెడితే అందులో ఎలిజబెత్ రాణిగారి ఎస్టేటు కూడా ఉంది. జాబితా బయటపడింది గనుక అక్కడ మాట్లాడుకోగలిగారు. రైతుబంధు డబ్బు పట్టాదారుల నివాస చిరునామాల వారీగా ఎంతెంత వెళ్లిందో ఆ లెక్క ఇక్కడా ప్రచురించమని అడగాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలనీ, కులమత భేదం లేకుండా ఊరివాళ్లకు సాగుకివ్వాలనీ, భూస్వామి, కౌలుదారు, భూమిలేని కూలీ అనే తేడాలే ఉండకూడదనీ ప్రతిపాదించారు. అంతటితో ఆగలేదు. నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు సమకూర్చి సాగుకు పెట్టుబడి పెట్టే బాధ్యత రాజ్యానిదే అన్నారు. పెట్టుబడి సాయం అన్న ఊహ మనకు డెబ్బై ఏండ్ల ముందే ఉంది. కాకపోతే అది దున్నేవాడిని చూసి చేసిన ఊహ.

2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అన్నారు. ఏడు వేల దరిదాపు కుటుంబాలకు అంది పథకం నీరసించింది. 2021 ఆగస్టు 16న దళితబంధు సభ పెట్టారు, రైతుబంధు మొదలైన ఆ శాలపల్లిలోనే. ఒకే ఊళ్లో రెండు బంధులు. ఒకటి పట్టా ఉన్న ప్రతివాడికీ బ్యాంకు ఖాతాలో దానంతటదే పడింది. రెండోది ఎంపికైనవాళ్లకు, ఎమ్మెల్యే జాబితా కోసం ఎదురుచూసినవాళ్లకు.

ప్రభుత్వం మారింది. సాగు లేని భూములకు రైతుబంధు కింద ఇరవై వేల కోట్లకు పైగా పోయాయని కొత్త ప్రభుత్వమే చెప్పింది. 2025 జనవరి 26న రైతుభరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 మొదలుపెట్టారు. గుట్టలు, రోడ్లు, వెంచర్లు తీసేశారు. మామిడి తోట ఉన్న ఫామ్‌హౌసు సాగుయోగ్యమైన భూమే. ఎన్నికల్లో కౌలుదారుకూ ఇస్తామన్నారు. మార్గదర్శకాల్లో వాడు కనపడలేదు. అదే రోజు భూమిలేని కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. ఏడాదికి 12,000. అంటే ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఎకరంతో సమానం.

ఫిల్మ్‌నగర్ బస్తీలో మేము తరచూ పోయే ఇంట్లో పెద్దమ్మ ఉంది. మా జిల్లానే. భర్త పోయాక ముప్పై ఏండ్ల కౌలుసాగు వదిలి కొడుకుతో వచ్చింది. కొడుకు జూబ్లీహిల్స్‌లో ఒక బంగ్లాకు వాచ్‌మన్, ఆమె రెండిళ్లలో అంట్లు తోముతుంది. "ఆత్మీయ భరోసా నాకొస్తదా కొడుకా, రాసిపెట్టు" అంది. భూమి లేదు, కూలీ, మాదిగ. రావాలి కదా అనుకున్నాం. నిబంధన చదివాం. 2023-24లో ఉపాధి హామీ పనికి కనీసం ఇరవై రోజులు పోయి ఉండాలి. ఉపాధి హామీ పల్లెకే, పట్నానికి లేదు. ఊళ్లో కనుక్కుంటే ఆమె జాబ్ కార్డు పనికి రావడం లేదని తీసేశారట.

ఆమెకు ఈ సంగతి చెప్పినరోజు కొడుకు డ్యూటీ దిగి వచ్చాడు. బంగ్లా సారుకు చేవెళ్ల దిక్కు తోట ఉందట, ఆ సెల్‌ఫోనుకు డబ్బు పడ్డట్టు మెసేజీ వచ్చిందట, సారుకు తెలుగు అంత బాగా రాదు గనుక ఇతనితోనే చదివించుకున్నాడట. "ఎంతరా?" అని అడిగింది పెద్దమ్మ. చెప్పాడు. ఆమె వేళ్ల మీద ఎకరాలు లెక్కపెట్టుకుంది.